ఉప్పు నేలలో మంచినీళ్ల పచ్చిక ఎందుకు?

తిరుపతి జిల్లా తడ నుంచి తూర్పుకు తిరిగితే భీమునివారిపాళెం, ఆ పక్కనే పులికాట్ సరస్సు. పడమరకు తిరిగితే శ్రీసిటీ. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరంలో ఇప్పుడు ఇసుజు బండ్ల నుంచి చాక్లెట్ల దాకా తయారవుతున్నాయి. ఈ పట్టీలో ఏ ఫ్యాక్టరీ గేటు దాటినా, రహదారి పక్కన ఏ పెద్ద హోటల్లో దిగినా, ఏ వెంచరు ముఖద్వారం ముందు నిలబడినా మొదట కంటికి ఆనేది పచ్చిక. మండువేసవిలో కూడా దానికి పూటపూటా నీళ్లు పడాల్సిందే. సరస్సు ఒడ్డు పల్లెల్లో మాత్రం బోరు వేస్తే పడేది ఎక్కువగా ఉప్పునీళ్లే. అక్కడ తాగే నీళ్లు ఎక్కడి నుంచో గొట్టాల్లోనో ట్యాంకర్లలోనో రావాలి.

పచ్చిక ఉండటంలో తప్పేమీ లేదు. దుమ్మును అణుస్తుంది, నేలను చల్లబరుస్తుంది, గట్లు కోసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. పిల్లలు ఆడుకోవడానికి అంతకంటే మంచి నేల లేదు. దానికి మనుషులు తాగే నీళ్లు పోయడమే తప్పు. తడ లాంటి చోట అది అవసరం కూడా కాదు. ఉప్పుతో కాపురం చేయగల గడ్డి జాతులు ఉన్నాయి. అందులో ఒకటి ఎవరూ నాటకుండానే ఇక్కడి గట్ల మీద పెరుగుతోంది.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. వేసవిలో ఒక చదరపు మీటరు పచ్చిక రోజుకు నాలుగైదు లీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే రోజుకు 16 వేల నుంచి 20 వేల లీటర్లు. జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెల్లో మనిషికి రోజుకు అందాల్సింది 55 లీటర్లు. ఎకరం గడ్డి తాగే నీళ్లు దాదాపు 300 నుంచి 360 మందికి సరిపోతాయి. ఒక మోస్తరు ఫ్యాక్టరీ ఆవరణలో పచ్చిక రెండెకరాలుంటే అది ఒక చిన్న ఊరి నీళ్లు.

ఇక ఈ నేల సంగతి. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. సగటున మీటరు లోతుకు మించదు. ఈశాన్య రుతుపవనాలు విరుచుకుపడ్డప్పుడు స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు తెచ్చి పోసే నీటితో సరస్సు కొన్ని చోట్ల దాదాపు మంచినీటి చెరువైపోతుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి అదే సరస్సులో ఉప్పు లీటరుకు 50 గ్రాములు దాటుతుంది. సముద్రపు నీటిలో ఉండేది లీటరుకు 35 గ్రాములే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డుకు ఉత్తరాన నీరింకిన సరస్సు అడుగు ఎండల్లో తెల్లగా ఉప్పు పూసి కనిపిస్తుంది. కార్తీకంలో మంచినీరు, వైశాఖంలో సముద్రాన్ని మించిన ఉప్పు. ఈ రెండు కొసల మధ్య ఏటా ఊగే నేల ఇది. ఇక్కడ బతికే గడ్డికి రెండూ చేతనై ఉండాలి.

ఉప్పు గడ్డిని రెండు దశల్లో దెబ్బ తీస్తుంది. మొదటిది దాహం. మట్టిలోని నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ వేరు ఆ నీటిని లోపలికి లాక్కోలేదు. మట్టి తడిగానే ఉంటుంది, గడ్డి మాత్రం ఎండకు వాడినట్టు బూడిద నీలంగా మారి ఆకులు ముడుచుకుంటుంది. రెండోది విషం. నీటితోపాటు లోపలికి జొరబడిన సోడియం, క్లోరైడ్ ఆకుల్లో పేరుకుంటాయి. మొక్క పనులన్నిటికీ అవసరమైన పొటాషియం చోటును సోడియం ఆక్రమిస్తుంది. అప్పుడు ఆకు కొసలు మాడటం మొదలవుతుంది. వాడిన గడ్డిని చూసి తోటమాలి ఇంకో తడి పెడతాడు. ఆ బోరు నీళ్లలోనే ఉప్పుంటే ప్రతి తడీ కొంత ఉప్పును నేలకు చేర్చిపోతుంది. పచ్చిక చచ్చిపోయాక నింద ఎండ మీద పడుతుంది. కొత్త గడ్డి పలకలు లారీలో వస్తాయి, మళ్లీ అదే కథ.

ఉప్పును కొలిచే పద్ధతి రైతులకు తెలిసిందే. మట్టి పరీక్ష కాగితంలో ఈసీ అని రాసి ఉండేది అదే, విద్యుత్ వాహకత. నీటిలో ఉప్పు పెరిగితే కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి ఆ అంకె పెరుగుతుంది. దాన్ని మీటరుకు డెసీసీమెన్స్ అనే ప్రమాణంలో చెబుతారు. సముద్రపు నీటికి ఆ అంకె 50 దాటుతుంది. ఏ పంట ఎంత ఉప్పు దాకా నష్టపోకుండా తట్టుకుంటుందో అమెరికాలో మాస్, హాఫ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1977లో ఒక పట్టిక కూర్చారు. ప్రపంచమంతా ఇప్పటికీ దాన్నే ముందు పెట్టుకుంటుంది. అందులో వరి హద్దు 3. చిత్తూరు సీమ పంట వేరుశనగ హద్దు 3.2. గరిక హద్దు 6.9.

హద్దు దాటాక ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. ఒక్కో యూనిట్ పెరిగేకొద్దీ వరి దిగుబడి 12 శాతం చొప్పున పడిపోతుంది. వేరుశనగ అయితే 29 శాతం చొప్పున కుప్పకూలుతుంది. గరికలో తగ్గుదల 6.4 శాతమే. ఆ లెక్కన ఈసీ 14 దాటాక గానీ గరిక ఎదుగుదల సగానికి పడదు. వేరుశనగ అప్పటికి ఎన్నడో ఊడ్చుకుపోయి ఉంటుంది. దిగుబడి అమ్ముకునే పంటకూ, పచ్చగా నేలను పట్టుకుని ఉంటే చాలనుకునే పచ్చికకూ మధ్య తేడా ఇక్కడే పనికొస్తుంది. పచ్చిక నెమ్మదిగా పెరిగితే ఎవరికీ నష్టం లేదు. కోత ఖర్చు తగ్గుతుంది.

గరికను వినాయక చవితి నాడు దూర్వాయుగ్మమని పత్రిలో పెట్టి పూజిస్తాం, మర్నాడు చేలో కలుపని పీకేస్తాం. దాని లోపలి పనితనం చూస్తే ఆ పూజ తక్కువేననిపిస్తుంది. నేల మీద పాకే కాడలు, నేల లోపల పాకే దుంపకాడలు రెండూ దానికున్నాయి. పైన ఉప్పు పొర కట్టి ఆకులన్నీ మాడినా కింది కాడలు ప్రాణం పట్టుకుని ఉంటాయి. వాన పడి ఉప్పు దిగిపోగానే కణుపు కణుపునా చిగురు వేస్తుంది. కాస్త వదులు నేల దొరికితే వేళ్లు మీటరుకు మించి లోతుకు దిగి, ఉప్పు తక్కువున్న పొరను వెతుక్కుంటాయి.

అన్నిటికంటే విచిత్రమైనది ఆకు మీది ఉప్పు గ్రంథి. గరిక ఆకు మీద కంటికి కనిపించనంత చిన్న గ్రంథులు ఉంటాయి. ఒక్కోటీ రెండే కణాలు. ఆకులోకి కూరుకుని ఉండే అడుగు కణం ఒకటి, దాని మీద టోపీలా కూర్చున్న పై కణం ఒకటి. అడుగు కణం చుట్టుపక్కల కణజాలం నుంచి సోడియంను, క్లోరైడ్‌ను తోడి పైకి పంపుతుంది, పై కణం దాన్ని ఆకు బయటికి నెట్టేస్తుంది. ఉప్పునీళ్లతో పెరిగిన గరిక ఆకును ఎండపూట భూతద్దం కింద పెట్టి చూస్తే సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తాయి. గాలికో వానకో అవి రాలిపోతాయి. బయటికి నెట్టలేక మిగిలిపోయిన ఉప్పును కణం మధ్యలో ఉండే రిక్తికలో దాచి, దానికి సరితూగేలా మిగతా భాగంలో ప్రోలీన్, గ్లైసీన్ బీటైన్ లాంటి హాని చేయని పదార్థాలను గడ్డి తయారు చేసుకుంటుంది. వేరు నీటిని లాగగలిగే బలం వాటివల్ల నిలుస్తుంది. ఈ పని ఊరికే జరగదు. పిండిపదార్థం ఖర్చవుతుంది. ఉప్పు నేలలోని గరిక పొట్టిగా, గట్టిగా ఉండటానికి అదే కారణం.

మన నర్సరీల్లో మెక్సికన్ గడ్డి అనీ, కొరియన్ గడ్డి అనీ పలకల లెక్కన అమ్మేవి ఎక్కువగా జోయ్‌సియా జాతికి చెందినవి. వాటికీ ఇలాంటి గ్రంథులున్నాయి. హవాయి దీవుల్లో కెన్నెత్ మార్కమ్ అనే శాస్త్రవేత్త 1990ల్లో వేడి దేశాల ఆరు పచ్చిక గడ్లను ఉప్పునీటిలో పెంచి పోల్చాడు. జోయ్‌సియాలోనే సన్న ఆకుల రకమైన మనీలా గడ్డి, పాస్పాలం అనే ఇంకో గడ్డి ముందు వరసలో నిలిచాయి. గరిక మధ్యలో నిలిచింది. సెంటిపీడ్ గడ్డి అందరికంటే ముందు చేతులెత్తేసింది. జోయ్‌సియాలో ఆకు మీద గ్రంథులు ఎంత దట్టంగా ఉంటే ఉప్పును తట్టుకునే శక్తి అంత ఎక్కువని కూడా ఆయన పరిశోధనలు చూపించాయి. అంటే ఒకే పేరుతో అమ్మే గడ్డిలోనే ఒక రకానికీ ఇంకో రకానికీ చాలా తేడా ఉంటుంది. కడియం నర్సరీల నుంచి వచ్చే లారీ దగ్గర ‘ఇది ఎంత ఈసీ దాకా ఆగుతుంది?’ అని అడిగే కొనుగోలుదారు ఎక్కడైనా ఉన్నాడా? రంగు, మెత్తదనం, అడుగు ధర చూసి గడ్డి కొంటున్నంతకాలం నర్సరీవాళ్లనూ తప్పుపట్టలేం. అడిగే ప్రశ్న మారితే అమ్మే సరుకు మారుతుంది.

పాస్పాలం పేరు కొత్తగా అనిపించవచ్చు గానీ దాని చుట్టం రాయలసీమకు బాగా తెలుసు. మనం వండుకునే అరికెలు కూడా పాస్పాలం జాతివే. పచ్చికకు వాడేది దాని తీరప్రాంతపు దాయాది, పాస్పాలం వజైనేటమ్. ఉష్ణమండల తీరాల్లో బురద మడుగుల అంచున, ఆటుపోట్లు తాకే చోట పెరుగుతుంది. ఆఫ్రికా నుంచి బానిసలను తరలించిన ఓడల్లో ఈ గడ్డిని కింద పరుపుగా వేసేవారనీ, ఓడలు కడిగి పారబోసిన చోటల్లా అమెరికా తీరంలో అది వేరు పట్టిందనీ కొందరు పరిశోధకులు భావిస్తారు. జార్జియా విశ్వవిద్యాలయంలో రోనీ డంకన్ 1990ల్లో అలాంటి తీరాల నుంచి ఈ గడ్డి రకాలు సేకరించి మెరుగుపరిచే పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత గోల్ఫ్ మైదానాలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. 2016 రియో ఒలింపిక్స్ గోల్ఫ్ మైదానంలో గుంతల చుట్టూ ఉన్న మెత్తటి పచ్చిక పాస్పాలమే, మిగతా మైదానం జోయ్‌సియా. 2022లో కతార్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ మైదానాల్లోనూ పాస్పాలం రకాన్నే పరిచి, చలికాలం కోసం దాని మీద రై గడ్డి విత్తనం చల్లారు. ఎడారి దేశం, సముద్రాన్ని శుద్ధి చేసుకుని తాగే దేశం తన పచ్చికను ఉప్పుకు ఓర్చే గడ్డితోనే వేసుకుంది.

పాస్పాలం దారి గరిక దారి లాంటిది కాదు. ఉప్పును బయటికి కక్కే గ్రంథులు దానికి లేవు. ఆకు పైభాగంలో వరసలు వరసలుగా ఉబ్బిన చిన్న బుడిపెల్లోకి సోడియంను పంపి అక్కడ బంధిస్తుందని జార్జియా పరిశోధకులు 2020లో తేల్చారు. మిగతా ఆకు ఎండను పట్టుకునే పని నిశ్చింతగా చేసుకుంటుంది. ఈ గడ్డి రకాల్లో కొన్ని సముద్రపు నీటి స్థాయి ఉప్పులో కూడా ప్రాణం నిలుపుకుంటాయి. కొందరు మైదాన నిర్వాహకులు కలుపు చావడానికి ఉప్పునీళ్లే చల్లుతారు. కలుపు మాడిపోతుంది, పాస్పాలం నిలబడుతుంది.

ఇంత చెప్పాక ఒక సంగతి దాచకూడదు. గడ్డి ఉప్పును ఓర్చుకుంటుంది, మాయం చేయదు. ఈసీ 2 ఉన్న బోరు నీటినే తీసుకుందాం. ఇక్కడ అది ఏమంత చెడ్డ నీరు కాదు. లీటరుకు సుమారు 1.3 గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజుకు 20 వేల లీటర్లు ఎకరం పచ్చికకు పెడితే రోజుకు దాదాపు 26 కిలోల ఉప్పు నేలకు చేరుతుంది. వంద రోజుల వేసవిలో 2,600 కిలోలు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఎక్కడికీ పోదు. ఉప్పు కొఠారులో జరిగేదే పచ్చిక కింద నెమ్మదిగా జరుగుతుంది. గడ్డి కోసి తుక్కు బయటికి తీసుకెళ్తే కొంత ఉప్పు పోతుంది గానీ ఆ కొంత చాలా తక్కువ. ఉప్పునీటి పచ్చికలు విఫలమైన చోట్ల తప్పు గడ్డిది కాకుండా మురుగు కాలువది కావడం సామాన్యం. పై నుంచి పోసిన నీటిలో కొంత భాగం వేళ్లు దాటి కిందికి దిగి బయటికి పోయే దారి లేకపోతే ఏ గడ్డీ నిలవదు.

ఇక్కడే తడకు ఒక వరం ఉంది. కతార్‌కు లేనిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటి వెంట వచ్చే వాయుగుండాలు ఈ తీరాన్ని ముంచెత్తుతాయి. నైరుతి వానల మీద బతికే తెలుగు జిల్లాలకు లేని వసతి ఇది. వేసవంతా పేరుకున్న ఉప్పును ఒకటి రెండు పెద్ద వానలు వేళ్ల కిందికి దింపేయగలవు. నేలలో ఇసుక పాలు ఎక్కువుండి, కింద మురుగు పోయే ఏర్పాటుంటే చాలు. బంకమట్టి మీద నాలుగంగుళాల ఎర్రమట్టి పోసి గడ్డి పలకలు అతికించే ఇప్పటి పద్ధతిలో ఆ ఉప్పు దిగే చోటే ఉండదు. పచ్చిక ఖర్చులో సగం నేల కింద పెట్టాలి. కంటికి కనపడదు కాబట్టి ఆ సగాన్నే కాంట్రాక్టులో ముందు కోసేస్తారు.

బంకమట్టికి ఇంకో చిక్కుంది. సోడియం ఎక్కువైన నీరు ఏళ్ల తరబడి పడితే మట్టి రేణువులు విడిపోయి నీరు ఇంకకుండా గట్టిపడుతుంది. రైతులు దాన్ని కారు చౌడు అంటారు. ఉప్పు మాత్రమే పేరుకుని పైకి తెల్లగా కనిపించేది పాల చౌడు. రెండిటికీ మందు ఒకటి కాదు. పాల చౌడుకు కావాల్సింది మంచినీటితో కడగడం, మురుగు తీయడం. కారు చౌడుకు ముందు జిప్సం వేసి, అందులోని కాల్షియంతో సోడియంను మట్టి నుంచి విడదీసి, ఆపైన కడగాలి. పాల చౌడు మీద జిప్సం బస్తాలు కుమ్మరిస్తే డబ్బు దండగ తప్ప ఒరిగేదేమీ ఉండదు. దేశంలో ఉప్పు బారిన పడిన నేల మొత్తం 67 లక్షల హెక్టార్లకు పైనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా దాదాపు 2.74 లక్షల హెక్టార్లుగా లెక్క తేలింది. అందులో కారు చౌడుదే పెద్ద పాలు. కాబట్టి పచ్చికకు మొదటి ఖర్చు మట్టి పరీక్ష కావాలి. ఒక జాగ్రత్త. సాయిల్ హెల్త్ కార్డులో వచ్చే ఈసీ మట్టిని ఎక్కువ నీటిలో కలిపి కొలిచిన అంకె. పైన చెప్పిన 3, 6.9 లాంటి హద్దులు తడిసి ముద్దైన మట్టి నుంచి పిండిన నీటికి సంబంధించినవి. కార్డులో అంకె చిన్నదిగా కనిపించిందని ధీమా పడితే పచ్చిక మోసపోతుంది. ఏ పద్ధతిలో కొలిచారో ప్రయోగశాలను అడిగి తెలుసుకోవాలి.

ఈ విషయాల్లో మనం విదేశాల వైపే చూడనక్కర్లేదు. ఉప్పు నేలలు, ఉప్పునీటి వాడకం మీద పనిచేసే అఖిల భారత పరిశోధన పథకానికి బాపట్లలో కేంద్రం ఉంది. కోస్తా ఇసుక నేలల్లో ఉప్పునీటి మీద తేలే మంచినీటి పొరను మన రైతులు దొరువులు తవ్వి కడవలతో తోడి చేలకు పోసుకునేవారు. బాపట్ల శాస్త్రవేత్తలు ఆ దొరువుకే మెరుగులు దిద్దారు. బావికి నాలుగు వైపులా లోతు తక్కువలో రంధ్రాల గొట్టాలు అడ్డంగా పరిచి, పై పొర నీరు మాత్రమే మెల్లగా బావిలోకి చేరేలా చేశారు. లోతు బోరుతో గట్టిగా లాగితే కింది ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది, నిదానంగా పై పొరను తీసుకుంటే అలా జరగదు. తీరంలో మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక్క మీటరు ఎత్తున ఉంటే దాని కింద సుమారు 40 మీటర్ల మందాన మంచినీరు నిలబడుతుందన్నది శాస్త్రం చెప్పే లెక్క. ఆ ఒక్క మీటరును పచ్చిక కోసం తోడేస్తే పోయేది 40 మీటర్లు.

అదేదో ఊహ అనుకుంటే తడకు దక్షిణాన, సరిహద్దు అవతల ఉన్న మీంజూరు వైపు చూడాలి. ఆరణి, కొసస్తలై నదుల మధ్య ఉన్న ఆ ప్రాంతంలో ఒకప్పుడు పుష్కలంగా మంచినీరుండేది. చెన్నై నగరం, పరిశ్రమలు, పొలాలు కలిసి తోడాయి. 1969లో తీరం నుంచి 3 కిలోమీటర్ల దాకా వచ్చిన సముద్రపు నీరు 1983 నాటికి భూమి లోపల 9 కిలోమీటర్లు చొచ్చుకొచ్చింది. ఆ తర్వాత కూడా ఆగలేదు. చివరికి 2010లో అదే మీంజూరు దగ్గర సముద్రపు నీటి నుంచి రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరు తయారు చేసే కర్మాగారం పెట్టాల్సి వచ్చింది. నేల కింద ఉచితంగా ఉన్నదాన్ని పోగొట్టుకుని, కరెంటు ఖర్చుతో తయారు చేసుకోవడం అంటే అది. ఆరణి నది కలిసేది పులికాట్‌లోనే. అక్కడి అనుభవం తడకు పక్కింటి అనుభవం.

మరి పచ్చికకు ఏ నీళ్లు? ఈ పట్టీలో పారబోస్తున్న నీళ్లు చాలానే ఉన్నాయి. పరిశ్రమల్లో శుద్ధి చేసిన వాడకపు నీరు ఒకటి. ప్రతి ఊళ్లో వెలిసిన మినరల్ వాటర్ ప్లాంట్ల నుంచి మురుగు కాలువలోకి పోయే తిరస్కృత నీరు ఇంకొకటి. వచ్చిన నీటిలో సగం శుద్ధి చేసి సగం వదిలేసే ప్లాంటులో ఆ వదిలేసిన నీటిలో ఉప్పు దాదాపు రెట్టింపవుతుంది. గరికకూ మనీలా గడ్డికీ అది భరించగల మోతాదే. కానీ పరిశ్రమ నుంచి వచ్చే నీటిలో ఉప్పుతోపాటు ఇంకేం ఉన్నాయో పరీక్షించకుండా పచ్చిక మీద వదలడానికి వీల్లేదు. ఉప్పును ఓర్చే గడ్డి భార లోహాలను ఓర్చినా, ఆ పచ్చిక మీద మేసే పశువుకూ దొర్లే పిల్లలకూ ఓర్పు ఉండదు. శుద్ధి పేరుతో చేసే మోసాన్ని పచ్చదనం కప్పిపుచ్చకూడదు.

ఇంకో హద్దు కూడా గీయాలి. పాస్పాలం మంచి గడ్డి అని సరస్సు ఒడ్డు దాకా తీసుకెళ్లి నాటితే కొత్త ముప్పు తెచ్చుకున్నట్టే. హవాయిలో ఈ గడ్డి తడి నేలల్లోకి పాకి, నీటి పక్షులు మేత వెతుక్కునే బురద చోట్లను కమ్మేసింది. పులికాట్‌కు రాజహంసలు వచ్చేది లోతు తక్కువ నీటి కోసం, ఆరుబయటి బురద కోసం. నేలపట్టు పక్షి కేంద్రంలో గూళ్లు కట్టే గూడబాతులు ఈ సరస్సు చేపల మీదే బతుకుతాయి. ఒడ్డున ఇప్పటికే ఉన్న ఉప్పు గడ్లు, ఇలకూర లాంటి మొక్కలు తమంతట తాముగా కుదురుకున్నవి. సరస్సు అంచున పచ్చిక పేరుతో ఏదీ నాటకూడదు. పర్యాటకుల కోసం భీమునివారిపాళెం లాంటి చోట్ల ఏదైనా పరచాల్సి వస్తే అది గరికే కావాలి. అది ఇక్కడికి కొత్తగా రాదు, ఉన్న చోటే పెరుగుతుంది.

ఫ్యాక్టరీ ఆవరణల్లో పాస్పాలం సంగతి వేరు. అక్కడ కాలిబాటల మధ్య, గోడల లోపల అది అదుపులో ఉంటుంది. అయినా మొదటి ఎంపిక స్థానిక గరికే కావాలన్నది ఈ వ్యాసం వాదన. దేశవాళీ గరిక నుంచే ఎంపిక చేసిన సెలెక్షన్ వన్ అనే సన్న రకం నర్సరీల్లో ఏనాటి నుంచో ఉంది. మరీ ఉప్పున్న మూలల్లో మనీలా గడ్డి, అది కూడా ఆగని చోట పాస్పాలం. కార్పెట్ గడ్డి పేరుతో వచ్చే వెడల్పాకు రకాలను ఈ పట్టీలోకి రానివ్వకపోవడమే మేలు. అవి నీడకూ మంచినీటికీ అలవాటు పడ్డవి.

పరిశ్రమలకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు స్థలంలో కొంత వంతు పచ్చదనం ఉండాలనే షరతు మామూలే. ఆ పచ్చదనాన్ని ఏ నీటితో పెంచాలన్న షరతు కూడా దాని పక్కన చేరాలి. తడ, సూళ్లూరుపేట, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో ఎకరానికి మించిన ఏ పచ్చికకైనా తాగునీటి గొట్టం కలపకూడదని జిల్లా యంత్రాంగం ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. 2022 ఏప్రిల్‌లో కొత్త తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాత నెల్లూరు తీరమూ చిత్తూరు మెట్టా ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. సరస్సూ పరిశ్రమలూ ఇప్పుడు ఒకే జిల్లా. ఇలాంటి ఉత్తర్వుకు రెండు జిల్లాల మధ్య ఫైళ్లు తిరగాల్సిన పని లేదు. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (ఏపీఐఐసీ), జాతీయ రహదారుల సంస్థ తమ టెండరు పత్రాల్లో గడ్డి రకంతోపాటు అది తట్టుకునే ఈసీని, కింద వేయాల్సిన ఇసుక మందాన్ని, మురుగు గొట్టాల సంగతిని రాయాలి. ఏడాదికి రెండుసార్లు, మే చివర ఒకసారి, జనవరిలో ఒకసారి, పచ్చిక కింది మట్టిలో ఈసీ కొలిచి ఆ అంకెను ఊరి పంచాయతీ ముందు పెట్టాలి. జనవరి అంకె ఏటా పెరుగుతూ పోతుంటే వాన ఉప్పును కడగలేకపోతోందని అర్థం. అప్పుడు ఆ పచ్చికను తగ్గించి చెట్లు పెట్టుకోవాలి. గానుగ, వేప లాంటివి ఈ నేలకు కొత్తేమీ కాదు.

బాపట్ల కేంద్రం తడ చుట్టుపక్కల గట్ల మీద, రొయ్యల గుంటల ఒడ్డున, పాడుబడ్డ చౌడు చేలలో ఇప్పటికే బతుకుతున్న గరిక రకాలను సేకరించి పోల్చి చూస్తే ఇంకా మేలు. డంకన్ అమెరికా తీరంలో చేసింది అదే పని. సముద్రాన్ని మించిన ఉప్పు పక్కన తరతరాలుగా ఎంపికవుతూ వచ్చిన గరిక ఇక్కడ ఉంది. దాన్ని పెంచి అమ్మే నర్సరీ ఒక్కటి సూళ్లూరుపేటలో మహిళా సంఘాల చేతుల్లో ఉంటే, కడియం నుంచి లారీల్లో గడ్డి తేవాల్సిన పని ఉండదు. గరికను విత్తనంతో వేయనక్కర్లేదు, మొలక దశలో ఉప్పు దెబ్బ ఎక్కువ. కణుపులున్న కాడలు తుంచి జానెడు దూరంలో గుచ్చితే చాలు. సెప్టెంబరులో నేల సిద్ధం చేసి అక్టోబరు తొలి వానకు నాటితే, ఉప్పునీటి తడులు మొదలయ్యే ఫిబ్రవరి నాటికి గడ్డి నేలంతా అల్లుకుని వేళ్లు లోతుకు దించుకుని ఉంటుంది.